విప్పేదాకా గుర్తులేని పార్సిల్

ప్రశ్న: జీతం పడిన పది రోజులకే సగం ఖాళీ అవుతోంది. పెద్ద ఖర్చులేమీ లేవు. రాత్రి పడుకునే ముందు ఫోన్ చూస్తూ ఏదో ఒకటి ఆర్డర్ పెట్టేస్తాను. నిన్నొచ్చిన పార్సిల్‌లో ఏముందో విప్పేదాకా గుర్తులేదు. చూస్తే ఇయర్‌ఫోన్లు, ఇప్పటికే మూడు జతలున్నాయి! బడ్జెట్ రాసుకుంటే రెండు వారాలు కూడా నిలవలేదు. నాకు అదుపు లేదంటారా?

జవాబు: విప్పేదాకా గుర్తులేదన్నారు చూశారా, అసలు సంగతంతా అక్కడే ఉంది. మీకు కావాల్సింది ఇయర్‌ఫోన్లు కాదు, ఆర్డర్ నొక్కినప్పటి ఆ హుషారు. అది ఆ రాత్రే తీరిపోయింది, పార్సిల్ మాత్రం మిగిలింది.

అదుపు గురించి మరీ తిట్టుకోకండి. మనం ఆగి ఆలోచించే సందు లేకుండా చేయడమే అమ్మేవాళ్ల పని. ఒక్క క్లిక్కుతో కొనే పద్ధతికి అమెజాన్ 1999లోనే ఏకంగా పేటెంట్ తీసుకుంది, అంటే కార్డు నంబరు కొట్టే ఆ అర నిమిషం విలువ ఎంతో వాళ్లకి బాగా తెలుసు. ఇంకోటి, అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయంలో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం పెట్టి చూశారు (2001లో అచ్చయింది). నగదే ఇవ్వాలన్నవాళ్లతో పోలిస్తే కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు దాదాపు రెట్టింపు దాకా పాడారు. ఆ పాడినవాళ్లూ చదువుకున్నవాళ్లే మరి!

కాబట్టి ఆ అర నిమిషాన్ని మీరే వెనక్కి తెచ్చుకోవాలి. ఫోన్‌లో సేవ్ చేసిన కార్డులన్నీ ఈ రోజే తీసేయండి, కార్డు కూడా పడకగదిలో కాకుండా వేరే గదిలో పెట్టండి, రాత్రి పదకొండింటికి లేచి వెళ్లి తెచ్చుకోవాలంటే సగం కోరికలు బద్ధకంతోనే పోతాయి. యాప్ తీసేయమని అందరూ చెబుతారు గానీ నాకు దానిమీద నమ్మకం లేదు, మళ్లీ వేసుకోవడానికి ఎంతసేపు? ఆఫర్ల నోటిఫికేషన్లు మాత్రం ఆపేయండి. ఏదైనా నచ్చితే కార్ట్‌లో వేసి, కాగితం మీద దాని పేరు, తేదీ, ధర రాసి వదిలేయండి. వారం తర్వాత కాగితం చూడకుండా ఆ వస్తువేమిటో చెప్పగలిగితేనే కొనండి. ఇక సగం తగ్గింపు అంటారా, కొట్టేసిన ఆ పాత ధరకి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారో లేదో మనకేం తెలుసు!

సరదా ఖర్చుకి ఒక్క పైసా కూడా కేటాయించకపోతే ఏ బడ్జెట్టూ నిలవదు, మీది బహుశా అందుకే కూలింది. కొంచెం డబ్బు వేరే ఖాతాలో వేసుకుని, అది అయ్యేదాకా ఇష్టమొచ్చినట్టు వాడుకోండి, అయిపోతే వచ్చే జీతం దాకా లేదంతే. అప్పు చేసి కొంటున్నా, కొన్నవి ఇంట్లో దాచాల్సి వస్తున్నా మాత్రం ఈ చిట్కాలు చాలవు, మానసిక నిపుణులతో మాట్లాడండి.

అన్నట్టు, ఆ నాలుగో జతకి రిటర్న్ గడువు ఇంకా ఉందేమో ముందు చూడండి.