కొత్తగా కెప్టెన్ అయిన మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్ను స్కూలు ఖోఖో టీముకి కెప్టెన్ చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషం వేసిందో. పర్లాకిమిడిలో ఇన్నేళ్ళు పిల్లలచేత ఈ ఆట ఆడించినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన నాలుగు మాటలు రాసి పంపిస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, ఇదైతే మళ్ళీ చదువుకోవచ్చు.

మీ టీములో అందరికంటే బాగా పరిగెత్తేది నువ్వే, అందుకే నిన్ను కెప్టెన్ చేసి ఉంటారు. కానీ జాగ్రత్త, ఆ వేగమే నిన్ను దెబ్బతీస్తుంది. బాగా పరిగెత్తే పిల్ల ఛేజింగ్‌కి లేచిందంటే రన్నర్‌ని తానే పట్టుకోవాలనుకుంటుంది, ఇంకొక్క అడుగు, ఇంకొక్క అడుగు అంటూ ఖో ఇవ్వకుండా పోతూనే ఉంటుంది, ఈలోపు రన్నర్ ఇద్దరి మధ్య నుంచి దూరి అవతలికి వెళ్ళిపోతుంది. మధ్య లైను నువ్వు దాటకూడదు, వెనక్కి తిరగకూడదు. అవతలి వైపు మొహం పెట్టి కూర్చున్న పిల్లకి ఒక్క క్షణం ముందు ఖో ఇచ్చి ఉంటే రన్నర్ ఆమె చేతికి దొరికేది. మనిషిని పట్టిన పేరు ఆ పిల్లకే వస్తుంది, రానీ. కెప్టెనే తొందరగా ఖో ఇస్తుంటే మిగతా ఎనిమిది మందీ అదే నేర్చుకుంటారు, కెప్టెన్ ఒంటరిగా పరిగెడితే అందరూ ఒంటరిగానే పరిగెడతారు. నేను చూసిన మంచి టీములు చాలావరకు ఇక్కడే చెడ్డాయి.

తప్పు చేసిన పిల్లతో ఎలా ఉండాలో కూడా చెబుతాను, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి గుణుపురం వైపు పిల్లలతో మ్యాచ్ ఆడుతున్నాం. మధ్యలో కూర్చున్న మా పిల్ల ఒకతి ఖో అందకముందే లేచేసింది, ఫౌల్. కాసేపటికి మళ్ళీ అదే పని చేసింది. పక్కన కూర్చున్న ఇద్దరు తల తిప్పి ఆమె వైపు గుర్రుగా చూశారు, నోరు మాత్రం విప్పలేదు. ఆ చూపు చాలు. అక్కడి నుంచి ఆ పిల్ల వీపు మీద చెయ్యి పడి, ఖో వినపడ్డాక కూడా లేవడానికి వెనకాడింది, కాలి వేళ్ళు నేలలో గుచ్చుకుని ఉన్నాయి కానీ ఒళ్ళు కదల్లేదు. రన్నర్లకి అది తెలిసిపోయింది, ప్రతిసారీ ఆమె పక్క నుంచే దూరారు. ముందుగా లేచినందుకు పోయింది రెండు ఫౌళ్ళే, భయంతో పోయింది టర్న్ మొత్తం, అంటే మా ఛేజింగ్ వంతంతా. కాబట్టి అలాంటప్పుడు నువ్వు గట్టిగా, అందరికీ వినపడేలా "పరవాలేదు, తర్వాతది చూడు" అను. తిట్టాలనిపిస్తే ఆట అయ్యాక కూడా తిట్టకు, మర్నాడు ప్రాక్టీసులో ఆమె వెనకాల నువ్వే నిలబడి, చెయ్యి తగలగానే లేవడం ఒక్కటే మళ్ళీ మళ్ళీ చేయించు. వేరే ఎవరినో ఆ పనికి పెట్టకు.

ఇంకో విషయం, కొంచెం సున్నితమైనది. మీ టీములో సగం మంది మన తెలుగు ఇళ్ళ పిల్లలు, మిగతావాళ్ళు ఒడియా పిల్లలు, హాస్టల్ నుంచి వచ్చే సవర పిల్లలు. మీరు నలుగురు ఒక మూల చేరి తెలుగులో నవ్వుకుంటుంటే మిగిలినవాళ్ళకి తమ గురించేనేమో అనిపిస్తుంది. గ్రౌండులో ఉన్నంతసేపూ అందరికీ వచ్చిన ఒడియాలోనే మాట్లాడు, మన వాళ్ళని కూడా మాట్లాడమను. హాస్టల్ పిల్లలు ఎక్కువ మాట్లాడరు, అడిగితే తప్ప చెప్పరు, కాలు బెణికినా చెప్పరు. నువ్వే దగ్గరికెళ్ళి అడగాలి. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ ఫైనల్లో ఒడిశా జగ్గర్నాట్స్, తెలుగు యోధాస్ మీద 46-45తో గెలిచిన రోజు మన వీధిలో సగం మంది అటు, సగం మంది ఇటు అరిచాం గుర్తుందా? మర్నాడు పొద్దున్నే ఆ పిల్లలంతా కలిసే ఆడుకున్నారు. అది నాకు చాలా నచ్చింది.

రన్నింగ్‌లో ముగ్గురు ముగ్గురుగా దిగుతారు కదా, ఏ ముగ్గురు ముందు దిగాలో ముందే తేల్చుకోండి, లైను దగ్గర నిలబడి వాదించుకోవద్దు. ఛేజర్ ఒకరి వెంట పడితే మిగతా ఇద్దరూ ఆమె దారికి అడ్డం రాకుండా దూరంగా జరగాలి. ఎవరికైనా ఊపిరి ఆడట్లేదనిపిస్తే నువ్వే ఛేజర్ కళ్ళ ముందు నుంచి పోయి ఆమెని నీ వైపు తిప్పుకో. ఈ సాయం స్కోరు షీటులో ఎక్కడా పడదు, కానీ ఆ పిల్ల మర్చిపోదు.

పొడుగు పిల్లల్ని పోల్ పక్కన, చటుక్కున తిరగగలిగేవాళ్ళని మధ్యలో కూర్చోబెట్టు. ఇది మీ సార్‌కి తెలిసే ఉంటుంది, కాకపోతే నువ్వూ ఆలోచించి చెప్పు, ఆయన సంతోషిస్తారు. రిఫరీతో మాట్లాడాల్సి వస్తే నువ్వొక్కదానివే వెళ్ళు, గొంతు పెంచకు.

తొమ్మిది మందే ఆడతారు, మిగిలినవాళ్ళు బయట కూర్చుంటారు. వాళ్ళచేత నీళ్ళు మోయించి, సున్నం గీతలు గీయించి ఊరుకుంటే వాళ్ళకి ఆట మీద మనసు పోతుంది. గీతలు నువ్వూ గియ్యి. ఆట మధ్యలో బయటికొచ్చినప్పుడు "ఎవరు ఖో ఆలస్యం చేస్తున్నారు?" అని వాళ్ళనే అడుగు, బయటి నుంచి చూసేవాళ్ళకి అది బాగా కనిపిస్తుంది. వాళ్ళు నీ పేరే చెప్పారనుకో, మొహం ముడుచుకోకు.

2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పు ఫైనల్ నువ్వు చూశావుగా, ప్రియాంకా ఇంగ్లే కెప్టెన్‌గా మన అమ్మాయిలు నేపాల్ మీద 78-40తో గెలిచినది. ఆ వీడియో టీమంతటికీ ఇంకోసారి చూపించు. ఈసారి పరిగెత్తేవాళ్ళని కాకుండా కూర్చున్నవాళ్ళని చూడమను, ఖో రాకముందు వాళ్ళ పాదాలు ఎలా ఉన్నాయో, కళ్ళు ఎటు తిరుగుతున్నాయో.

శనివారం మ్యాచ్ అని మీ అమ్మ చెప్పింది. అందర్నీ గోళ్ళు కత్తిరించుకుని రమ్మను. కాశీనగరం నుంచి బస్సులో వచ్చే పిల్లలు పొద్దున్న ఏమీ తినకుండా వచ్చేస్తారు, వాళ్ళకి అరటిపళ్ళు నేను పట్టుకొస్తాను, మొత్తం ఎంతమందో రేపు సాయంత్రంలోపు నాకు చెప్పు.

మీ మావయ్య