రాత్రికి రాత్రి ట్యాంకులో నీళ్లు తగ్గిపోతున్నాయి, లీకు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?

సాయంత్రం నింపిన వెయ్యి లీటర్ల ట్యాంకు తెల్లారేసరికి సగమే ఉంటోందని, కుళాయిలన్నీ బాగానే ఉన్నాయని, ప్లంబరేమో బాత్‌రూమ్ టైల్స్ పగలగొట్టాల్సిందే అంటున్నాడని రాశారు. దయచేసి నాలుగు రాత్రులు ఓపిక పట్టండి. హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చిన ప్లంబరు కూడా ఇదే మాట అన్నాడు. చివరికి ఒక్క టైలు కూడా పగలగొట్టే అవసరం రాలేదు.

ముందు ఎన్ని నీళ్లు పోతున్నాయో కొలవండి. లెక్క తెలిస్తే సగం జాడ దొరికినట్టే. రాత్రి అందరూ పడుకునే ముందు పొడి కర్రను ట్యాంకు అడుగు తగిలేదాకా నిలువుగా దించి, తడి ఎంతవరకు వచ్చిందో గీత పెట్టండి. పొద్దున ఎవరూ కుళాయి తిప్పకముందే కర్ర మళ్లీ దించండి. మా గుండ్రటి ట్యాంకు అడ్డం (వ్యాసం) 110 సెంటీమీటర్లు. ఒక్క సెంటీమీటరు తగ్గిందంటే దాదాపు 9.5 లీటర్లు పోయినట్టు. రాత్రి 10 నుంచి పొద్దున 5 లోపు మాకు 7 సెంటీమీటర్లు తగ్గింది, అంటే 66 లీటర్లు. సెకనుకో చుక్క కారే కుళాయిలో రోజంతా కారినా అన్ని నీళ్లు పోవు. కాబట్టి కుళాయిల సంగతి అక్కడితో వదిలేశాం.

మా ట్యాంకు దగ్గర రెండు గేట్ వాల్వులున్నాయి. ఒకటి వంటింటికి, ఒకటి బాత్‌రూమ్‌లకు. రెండో రాత్రి వంటింటిది కట్టేస్తే అంతే తగ్గింది. మూడో రాత్రి బాత్‌రూమ్‌లది కట్టేస్తే గీత కదల్లేదు. నాలుగో రాత్రి వాల్వులు రెండూ తెరిచి, ఫ్లష్ ట్యాంకు కింద ఉండే యాంగిల్ కాక్ (దానికి నీళ్లు ఆపే చిన్న కుళాయి) ఒక్కటే కట్టేశాం. అప్పుడూ గీత కదల్లేదు, అంటే లీకు ఫ్లష్‌లోనే.

చూస్తే చుక్క లేదు, చప్పుడు లేదు. ఫ్లష్ ట్యాంకులో బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ అటు వెళ్లనివ్వలేదు. తర్వాత చూస్తే కమోడ్ లోపల వెనకవైపు సన్నగా నీలం చార. అదే నీలం లేకపోతే, వేలు పెడితే తప్ప అక్కడ నీరు పారుతోందని తెలియదు. లోపలి రబ్బరు వాషరుకు బోరు నీళ్ల ఉప్పు పట్టి గట్టిపడి, ఒక అంచు పైకి లేచి ఉంది. మార్చడానికి పావుగంట పట్టింది.

మీకు పోతున్నవి రాత్రికి 500 లీటర్లంటున్నారు. అది మా ఫ్లష్ లీకు కన్నా చాలా ఎక్కువ. అంత నీరు బాత్‌రూమ్ గోడలో కారితే ఈపాటికి కింద అంతా తడిసిపోయేది. అందుకే నా అనుమానం మోటారు లైను మీద. పైకి వచ్చే పైపు చివర ట్యాంకు నీళ్లలో మునిగి ఉందా, లేక పైపు ట్యాంకు అడుగు నుంచే లోపలికి వస్తోందా చూడండి. అలా ఉంటే, మోటారు ఆగాక నీళ్లు వెనక్కి రాకుండా ఆపాల్సింది పైపులో ఉండే నాన్ రిటర్న్ వాల్వు, సంపులో పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వులే. వాటిలో కాస్త ఇసుక ఇరుక్కున్నా నీళ్లు తిరిగి సంపులోకే వెళ్లిపోతాయి. మోటారు ఆపిన పది నిమిషాలకు సంపు మూత తీసి వినండి, టార్చ్ వేసి నీళ్ల మట్టం కూడా గుర్తు పెట్టుకోండి. పొద్దునకి సంపులో మట్టం పెరిగి ఉంటే ఇక వేరే వెతకక్కర్లేదు. చూడగానే మూత వేసేయండి, పిల్లలున్న ఇల్లన్నారు కదా.

బాత్‌రూమ్ అవతలి గోడకు చెమ్మ ఉందన్నారు, దాన్ని విడిగా చూడండి. వాడినా వాడకపోయినా తడి ఒకేలా ఉంటే మంచినీటి పైపు. స్నానాలయ్యాక పెరిగి, ఊరెళ్లొచ్చేసరికి ఆరిపోతే కారణం టైల్స్ మధ్య సందులు గానీ, జాలీ కింద నీళ్లు నిలిచే ట్రాపు గానీ. పైపే అని ప్లంబరు గట్టిగా అంటే ముందు ప్రెజర్ టెస్ట్ చేయమనండి. లైను చివరలు మూసి చేతి పంపుతో ఒత్తిడి ఎక్కిస్తారు. గేజు ముల్లు దిగకుండా నిలబడితే ఆ లైనులో లీకు లేనట్టే, ఆ గోడ పగలగొట్టనివ్వకండి.