నోటిపూత అని రాసే ముందు

అమ్మాయీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన మీ పేషెంట్ నోటి ఫోటో చూశాను. అందులో నాకు ఒక ఎర్రటి పుండు తప్ప ఏమీ తెలియలేదు. ఆయన్ని మళ్లీ పిలిపించు. "వేడి చేసిందండీ" అంటాడు. వాదించకు, తేదీలు అడుగు.

పెదవి లోపల, బుగ్గల్లో, నాలుక కింద వచ్చి, 10-14 రోజుల్లో మచ్చ లేకుండా మానితే చాలావరకు మామూలు నోటిపూతే. అది మాటిమాటికీ వస్తుంటే హిమోగ్లోబిన్, ఐరన్, బి12, ఫోలేట్ చూపించు. గట్టి అంగిలి మీదో, పంటిని అంటుకున్న చిగురు మీదో గుంపుగా నీటిపొక్కులు లేస్తే హెర్పిస్ వైరస్ అనుకో. ప్రతిసారీ అదే చోట వస్తే అక్కడి పన్ను అంచు తడిమి చూడు. నునుపుగా ఉంటే మాత్రల సంగతి అడుగు, పడని మందు వేసుకున్నప్పుడల్లా అదే చోట పుండు లేవొచ్చు. "ఏమీ వాడనండి" అనేస్తారు. మెడికల్ షాపులో కొన్న నొప్పి బిళ్ల వాళ్ల లెక్కలో మందు కాదు. కళ్లు ఎర్రబడుతున్నాయా, మర్మాంగాల దగ్గర పుండ్లు వస్తున్నాయా అని కూడా అడుగు. నువ్వు మొహమాటపడితే, నోటితో పాటు అక్కడా కనిపించే బెషెట్స్ జబ్బు నీ చేయి దాటిపోతుంది.

మీ శ్రీకాకుళం వైపు అడ్డపొగ తాగే, అంటే చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకునే ముసలమ్మలొస్తే, కట్టుడు పళ్లు తీయించి అంగిలి చూడు, సెగ తగిలేది అక్కడే.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒకావిడకి మూడు నెలలు బీకాంప్లెక్సూ, పూతమందూ ఇచ్చాను. ఒక పుండు తగ్గేలోపు ఇంకోటి లేచేది. నాలుగో నెల వీపు మీద నీటిబుగ్గలతో వచ్చింది. పెంఫిగస్, ఒంటి రక్షణ వ్యవస్థే చర్మం మీదా నోటి పొర మీదా దాడి చేసి బుగ్గలు లేపే జబ్బు. అది చాలామందికి ముందు నోట్లోనే మొదలవుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే, వీపు చూసేదాకా తట్టలేదు.

అందుకే కారణం తీసేశాక కూడా రెండు వారాల్లో మానని పుండుకి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించు. ముక్క పుండు నడుమ నుంచి కాదు, అంచు నుంచి తీయాలి. పెంఫిగస్ అనుమానముంటే పక్కన బాగున్న పొర నుంచి రెండో ముక్క కావాలి. దాన్ని ఫార్మలిన్‌లో వేశావో, పెంఫిగస్‌ని తేల్చే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకి పనికిరాదు. ల్యాబ్‌వాళ్లని ముందే అడిగి వాళ్లిచ్చే ద్రావణంలో పంపు. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం ముక్క తీశాకే.

ఈసారి ఫోటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టు.

మామయ్య