మేఘమాలకు ఆకలి వేయదా?

వెస్ట్ మాంబలం, చెన్నై

చి. బుజ్జమ్మకు,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన నీ నవల నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కోపగించుకోకు.

నీ రాకుమారి మేఘమాల మొదటి పేజీలోనే కత్తి దూసింది. నాలుగో అధ్యాయం అయ్యేసరికి అరవై మంది సైనికులను కూల్చింది. ఇంత జరిగినా ఆమెకు ఒక్కసారీ ఆకలి వేయలేదు, జడ చిక్కుపడలేదు, ఎవరిమీదా అసూయ కలగలేదు. పైగా పదమూడేళ్ళ పిల్ల అంటావు! మన పాత కథల్లో రాజు కూతుర్నీ అర్ధరాజ్యాన్నీ ఒకే తక్కెడలో వేసి బహుమానంగా ఇచ్చేసేవాడు. దానిమీద నీకున్న కోపం నాకూ ఉంది. కానీ నువ్వు చేసిందల్లా రాకుమారుడి కత్తి తీసి రాకుమారి చేతికివ్వడమే. ఆ పిల్ల ఎవరో నాకింకా తెలియలేదు.

నీ పదమూడో ఏడు గుర్తు తెచ్చుకో. నాది చెబుతాను. పెద్దమనిషినైనప్పుడు మా నాయనమ్మ నన్ను వసారాలో ఒక మూల చాప మీద కూర్చోబెట్టింది. పదకొండు రోజులు. ఏదీ ముట్టుకోకూడదు, ఏ పనీ చేయకూడదు. తమ్ముడి బంతి దొర్లుకుంటూ నా దగ్గరికి వస్తే, వాణ్ణి తీసుకోనివ్వకుండా రెక్క పట్టుకుని లాక్కుపోయారు. ఆ అవమానం ఇప్పటికీ మరచిపోలేదు. అయితే అంతకు ముందు నేను పుస్తకం తెరిస్తే చాలు, "ఆ గిన్నెలు కాస్త చూడవే" అని ఎవరో ఒకరు పిలిచేవారు. ఆ పదకొండు రోజులూ ఒక్కరూ పిలవలేదు! మా బాబాయి పాత చందమామల కట్ట ఒకటి దూరం నుంచి చాప మీదికి జారవిడిచాడు. 1947 జూలైలో ఈ మద్రాసులోనే తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ఆ పత్రికను మా ఇంట్లో అందరూ చదివేవారు. నావంతు మాత్రం ఎప్పుడూ ఆఖరున వచ్చేది.

ఆ కట్టలో సీరియల్ మధ్యలో ఒక సంచిక లేదు. వీరులిద్దరూ రాక్షసి గుహ ముందు ఆగిపోయారు. తర్వాతి సంచిక తీస్తే ఏటి అవతలి ఒడ్డున ఉన్నారు. ఎలా దాటారు? చెప్పేవారు లేరు కనుక నేనే కల్పించుకున్నాను. గుహ దగ్గర ఎవరూ పలకరించని పిల్ల ఒకతె కూర్చుని ఉందనీ, రోజంతా అక్కడే ఉండడం వల్ల రాక్షసి ఏ వేళకు కునుకు తీస్తుందో ఆమెకొక్కదానికే తెలుసుననీ. నా మొదటి కథ అదే. పన్నెండో రోజున, పుస్తకాలు మైలపడ్డాయని నాయనమ్మ వాటిని అలమరలోకి రానివ్వలేదు. అలా ఆ కట్ట నా సొంతమైంది. ఆ ఆచారాన్ని మెచ్చుకుంటున్నాననుకోకు. నీ మేఘమాలకు కూడా అలాంటి చాప ఒకటి ఉండాలంటున్నాను. అక్కడ కూర్చున్నప్పుడు ఆమె ఏం చూసిందో రాయి.

యుద్ధం లేకపోతే కథ నడవదని రాశావు. ఉండనీ. 1905లో ఇదే మద్రాసులో ఒక కథ అచ్చయింది. బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' అది. దాన్ని వేసిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన మన తెలుగామె. ఆ కథలో ఘోషాలో ఉండేది మగవాళ్ళు. శత్రువులు దండెత్తి వస్తే, చదువుకున్న ఆడవాళ్ళు ఎండను ఒకచోట కూడగట్టి వాళ్ళమీదికి మళ్ళిస్తారు. కత్తి అవసరమే రాలేదు. ఎండ ఎంత పని చేయగలదో మద్రాసు వాళ్ళకు చెప్పాలా!

ఇక నీ కథలోని చెవిటి పిల్ల సంగతి. ఆమెనూ కోయ కుర్రవాణ్ణీ హాజరుపట్టీలో పేర్లు పిలిచినట్టు పిలిచి, చెరో మాట ఇచ్చి కూర్చోబెట్టావు. అందరికీ చోటివ్వడమంటే అదేనా? నీ లోకంలో మంత్రవిద్య అంతా గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి వెళుతుంది. మరి వినపడని పిల్ల ఎలా నేర్చుకుంటుంది? వేళ్ళతో, ముద్రలతో నేర్చుకుంటుందనుకో. అప్పుడు గురువు నోరు నొక్కేసిన చోట కూడా ఆమె మంత్రం పారుతుంది. ఒక్క పిల్లను నిజంగా లోపలికి రానిస్తే నీ లోకం నియమాలే మారాలి. అది కష్టమైన పనే, కానీ నీ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఆశ పుట్టించిన చోటు కూడా అదే. మంత్రగత్తె నల్లగా, మెల్లకన్నుతో, గూనివీపుతో ఎందుకుంది? పాత కథల నుంచి నీ చేతికంటిన మసి అది. కడిగేసుకో.

రాసింది మార్చడానికి సిగ్గుపడకు. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో ఎర్త్‌సీ లోకం మీద మొదటి నవల తెచ్చినప్పుడు, నాయకుడిని తెల్లవాడిగా కాక ఎర్రమట్టి రంగు మేనివాడిగా పెట్టింది. అయినా అక్కడి మంత్రాల బడిలో మగవాళ్ళకే ప్రవేశం. 1990లో అదే లోకానికి తిరిగి వచ్చి, భర్త పోయిన నడివయసు స్త్రీనీ, ముఖం కాలిన ఒక చిన్నపిల్లనూ కథకు నడుమ నిలబెట్టింది. ఆమెకు ఇరవై రెండేళ్ళు పట్టింది. నీకు దసరా దాకా గడువిస్తున్నాను.

ఆదివారం సాయంత్రాలు మా మెట్ల మీదికి నలుగురు ఆడపిల్లలు కథలకు వస్తారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు రావు కనుక వాళ్ళకు తెలుగు పుస్తకమంటే నా గొంతే. పోయిన వారం నీ మొదటి అధ్యాయం చదివి వినిపించాను. 'ప్రజ్వలిత ఖడ్గధారిణి' అనగానే చిన్నది తన చెప్పు వారు సర్దుకోవడం మొదలుపెట్టింది. రాసిన ప్రతి పేజీనీ పైకి చదువు. ఊపిరందని చోట వాక్యం విరిచేయి.

పెద్దపిల్ల మాత్రం చివరిదాకా విని ఒక ప్రశ్న వేసింది. వాళ్ళమ్మ నాలుగిళ్ళలో పని చేస్తుంది. "మేఘమాల యుద్ధానికి వెళితే వాళ్ళింట్లో గిన్నెలు ఎవరు తోముతారు?" అంది. రాసినామెనే అడుగుదువుగాని అన్నాను. వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి పొద్దుటి రైలెక్కు. పిల్లలు అయిదున్నరకు వస్తారు.

మీ అత్తయ్య