మళ్లీ మామూలు మనిషినవుతానా అని అడిగావు

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నాన్నా, నీకు స్కిజోఫ్రేనియా అని తేలి ఇంకా ఏడాది నిండలేదు. ఇదే జబ్బుతో సగం జీవితం గడిపినదాన్ని, నీ దగ్గర తీపి మాటలు చెప్పలేను. ఎంతవరకు బాగుపడతావో ఈ రోజు ఏ డాక్టరూ చెప్పలేడు. అలాగే "ఇక ఇంతే" అని తేల్చేసే అధికారం కూడా ఎవరికీ లేదు.

ఆ "ఇక ఇంతే" పాత మాట. 19వ శతాబ్దం చివర్లో జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ దీన్ని మనసు క్రమంగా క్షీణించిపోయే జబ్బుగా వర్ణించాడు. ఆ నీడ ఇంకా తొలగలేదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర ఆసుపత్రిలో ఏళ్ల తరబడి మగ్గిపోయిన రోగులకు 1950లలో పునరావాసం కల్పించి బయటికి పంపారు. మూడు దశాబ్దాల తర్వాత వాళ్లెలా ఉన్నారో కోర్ట్నీ హార్డింగ్ బృందం వెతికి చూసి, 1987లో ఫలితాలు ప్రకటించింది. సగం నుంచి మూడింట రెండు వంతుల మంది బాగా మెరుగుపడ్డారు, లేదా కోలుకున్నారు. అందరూ ఆశ వదులుకున్న రోగుల సంగతి ఇది! అందులో నేను పట్టుకున్నది కాలవ్యవధిని. వారం వారం కొలుచుకుంటే ఈ జబ్బులో మిగిలేది నిరాశే. నిరుటి నువ్వు ఎలా ఉన్నావో గుర్తు తెచ్చుకుని ఇప్పటి నిన్ను చూసుకో.

మనసు కుదుటపడగానే "ఇక మందులెందుకు" అనిపిస్తుంది. తప్పక అనిపిస్తుంది. మొదటిసారి జబ్బుపడి తేరుకున్న వాళ్లను అయిదేళ్లపాటు గమనించిన ఒక అధ్యయనంలో, మందులు ఆపినవాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు దాదాపు అయిదు రెట్లు కనిపించింది. మందుల వల్ల బరువు పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, కాళ్లు నిలకడ లేకుండా ఆడుతున్నా ఆ మాట డాక్టరుకే చెప్పు. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు, రోజూ మాత్రల బదులు నెలకోసారి ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. రెండు మందులు సరైన డోసులో వాడినా గుణం కనిపించకపోతే క్లోజపిన్ అనే మందు గురించి నువ్వే అడుగు. తెల్ల రక్తకణాలు తగ్గే ప్రమాదం ఉంది కనుక దానికి క్రమం తప్పని రక్తపరీక్షలు కావాలి. ఆ పరీక్షలకు జడిసి మందునే వదులుకోవద్దు.

గంజాయి జోలికి వెళ్లకు. దీనిమీద చర్చ లేదు.

అసలు కష్టం, ఎవరూ లేకుండానే చెవుల్లో వినిపించే ఆ గొంతులు తగ్గాక మొదలవుతుంది. ఎవరూ ముందుగా చెప్పరు. లేవాలనిపించదు, స్నానం చేయాలనిపించదు, నవ్వొచ్చే మాటకు నవ్వు రాదు. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు. అదీ జబ్బులో భాగమే, పైగా మందులు దానిమీద పెద్దగా పనిచేయవు. ఉత్సాహం వచ్చాక లేద్దామనుకుంటే లేవలేవు నాన్నా. రోజుకు ఒక్క పని, ఒకే వేళకు, వీలైతే నలుగురు ఉండే చోట పెట్టుకో. పూర్తిగా నయమయ్యాకే ఉద్యోగమనుకోకు. అండగా ఒకరుంటే జబ్బుతోపాటే పనిలో చేరి నిలదొక్కుకున్నవాళ్లు ఎందరో. నాకు ఇప్పటికీ కొన్ని సాయంత్రాలు ఒక గొంతు వినిపిస్తుంది. దాని మానాన అది మాట్లాడుతుంది, నా మానాన నేను ప్రూఫులు దిద్దుకుంటాను. ముందుగా అలసిపోయేది అదే.

జబ్బు తిరగబెట్టేముందు ఎవరి గుర్తులు వాళ్లకుంటాయి. నాకు మొదట నిద్ర పట్టదు, ఆ తర్వాత పత్రికల్లో శీర్షికలన్నీ నా గురించే రాసినట్టు తోస్తాయి. నీ గుర్తులేమిటో మనసు తేటగా ఉన్న రోజున కాగితం మీద రాసి అమ్మకొకటి, డాక్టరుకొకటి ఇవ్వు. చచ్చిపొమ్మనో, ఎవరినైనా కొట్టమనో గొంతు ఆజ్ఞాపిస్తే దానితో వాదన పెట్టుకోవద్దు. ఆ క్షణమే పక్కనున్నవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లిపో.

ఈ ముక్క అమ్మకు చదివి వినిపించు: అదేపనిగా తప్పులెంచే ఇంట్లోనూ, మితిమీరి కాపలాకాసే ఇంట్లోనూ జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని బ్రిటన్‌లో జార్జ్ బ్రౌన్ వంటి పరిశోధకులు ఎప్పుడో గమనించారు. మా చెల్లెలు మొదటి రకం కాదు. రెండో రకమని నా అనుమానం.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు బరువు, రక్తంలో చక్కెర చూడమను. జవాబు రాసేటప్పుడు నిద్ర సంగతి మరిచిపోకు.

పెద్దమ్మ