నల్లగొండ ఎండలో స్పైరియా బోన్సాయ్ నిలుస్తుందా?

స్పైరియా జపాన్, చైనా వంటి దేశాల చల్లని ప్రాంతాలలో పెరిగే పూల పొద. ఆకు రాల్చి విశ్రాంతి తీసుకోవడానికి దానికి గట్టి చలికాలం కావాలి. ఆ చలి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో దొరకదు కనుక, మొక్క బతికినా పూత పలుచగానే వస్తుందని ముందే అనుకోవాలి. ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, మార్చి నుండి జూన్‌లో వానలు పడేవరకు నీడవల కింద పెంచాలి.

ఎండకన్నా ఎక్కువ చేటు చేసేది నీరే. ఇక్కడి బోరునీటిలో ఫ్లోరైడ్‌తో పాటు లవణాలు కూడా చాలాచోట్ల ఎక్కువగా ఉంటాయి. చిన్న కుండీలో ఆ లవణాలు పేరుకుని, మట్టి క్షారగుణం పెరిగి, వేర్లకు ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉండగానే లేత ఆకులు పసుపు బారతాయి. వాననీరు పట్టి పోయడమే దీనికి సరైన మందు. ఎర్రచెలక మట్టిని ఒక్కదానినే నింపితే గట్టిపడుతుంది కాబట్టి, అందులో ముతక ఇసుక, మాగిన పశువుల ఎరువు కలపాలి.

కత్తిరింపు రకాన్ని బట్టి మారుతుంది. స్పైరియా జపానికా కొత్త కొమ్మలకు పూస్తుంది కనుక చలికాలం చివర కత్తిరించాలి; స్పైరియా తన్‌బర్గీ నిరుటి కొమ్మలకు పూస్తుంది కనుక పూత ముగిశాకే కత్తెర పట్టాలి, లేకుంటే మొగ్గలన్నీ పోతాయి.

నిండుగా పూసే బోన్సాయే ముఖ్యమనుకుంటే, నా అభిప్రాయంలో ఇక్కడ కాగితం పూల మొక్కే మేలు. అది ఈ ఎండను ఇష్టంగా తట్టుకుంటుంది, పైగా నీరు కాస్త తగ్గించినప్పుడే బాగా పూస్తుంది.