ఇంక్రిమెంటు వద్దని రాసివ్వకండి

ప్రశ్న: సార్, పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తున్నాను. జూలై నుంచి జీతం 20,000 కాస్తా 21,500 అయింది. పీఎఫ్, ఈఎస్‌ఐ, పీటీ అంటూ రూ.2,042 కోశారు. స్లాబు దాటితే మొత్తం జీతం మీద ట్యాక్స్ పడుతుందట, పెంపు వద్దని రాసివ్వమంటున్నాడు మా బావ. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రాసివ్వకండి తమ్ముడూ. మీ ఏడాది జీతం రూ.2,58,000. 2025 బడ్జెట్ తర్వాత ఆదాయపు పన్ను కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు. ఆపైన 8 లక్షల దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15... అలా 24 దాటిన భాగానికి 30. ఏ రేటైనా ఆ గీత పైనున్న సొమ్ముకే. పైగా రిబేటు (పన్నులో మాఫీ) ఉంది కాబట్టి, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (లెక్కకు ముందే జీతంలోంచి తీసేసే మొత్తం) కలుపుకొని జీతగాళ్లకు 12.75 లక్షల దాకా కట్టాల్సింది సున్నా. పన్ను వేసే ఆదాయం 12 లక్షల మీద పది వేలు ఎక్కువైనా, పన్ను ఆ పది వేలు మించదు, దానిమీద 4 శాతం సెస్సు తప్ప.

మీ బావ భయం నిజమయ్యేది రాష్ట్రం వసూలు చేసే వృత్తి పన్ను(పీటీ)లో. తెలంగాణలో 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200. అంటే పెంపు వల్ల మీకు పడిన దెబ్బ 50 రూపాయలు!

అసలు ఆలోచించాల్సింది ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) గురించి. దాని జీత పరిమితి నెలకు 21,000. మీరు ఏప్రిల్-సెప్టెంబరు చందా కాలం మధ్యలో దాటారు కాబట్టి సెప్టెంబరు దాకా 0.75 శాతం, అంటే 162 రూపాయలు, కోస్తూనే ఉంటారు. అక్టోబరు నుంచి ఆగుతుంది. ఈ చందాకు ప్రయోజనాలు వచ్చే జనవరి నుంచి జూన్ దాకా ఉంటాయి. ఆలోపు ఇంటిల్లిపాదికీ ఒక ఆరోగ్య బీమా చూసుకోండి. పెంపులో కొంత దానికి పోతుంది, పోనివ్వండి.

మిగతా 1,680 పీఎఫ్ (భవిష్య నిధి). బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 14,000 అయితే అందులో 12 శాతం. అది మీ సొమ్మే. కంపెనీ కూడా అంతే వేయాలి, అందులోంచి మీ బేసిక్, డీఏలో 8.33 శాతం పింఛను ఖాతాకు పోతుంది. యూఏఎన్‌ (మీ పీఎఫ్ నంబరు)తో పాస్‌బుక్ తెరిచి రెండు వాటాలూ పడుతున్నాయో లేదో చూడండి. పే స్లిప్పులో కోత కనిపించి పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే ముందు హెచ్‌ఆర్‌ను అడగండి, నెల తిరిగినా పడకపోతే స్లిప్పులు పట్టుకొని పీఎఫ్ ఆఫీసుకు వెళ్లండి.